మెడలో కొవ్వు గడ్డ: ఎంత కోయాలో వైద్యం ఎలా నేర్చుకుంది?

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు, యుద్ధాలు అసలే లేవు. మన మెడలో, గొంతు ముడికి కాస్త కింద, సీతాకోకచిలుక ఆకారంలో కూర్చుని ఉండే చిన్న గ్రంథి కథ ఇది. పేరు మీ అందరికీ తెలుసు, థైరాయిడ్. మీ ఇంట్లో అమ్మో, అత్తో పొద్దున్నే కాఫీకి ముందు పరగడుపున ఒక చిన్న తెల్ల మాత్ర వేసుకుంటూ ఉంటారు, చూసే ఉంటారు. ఆ మాత్ర వెనక ఎంత చరిత్ర ఉందో నాకు కూడా పోయిన ఏడాది వరకు తెలీదు.

ఎలా తెలిసిందో చెప్తాను. మా చెల్లి పెళ్లి అయ్యాక అందరం సోఫాలో కూర్చుని ఫోన్లో ఫోటోలు చూస్తున్నాం. ఎవరి ముఖం ఎలా పడిందో జూమ్ చేసి చూసుకోవడం మామూలే కదా. అలా మా పిన్ని ఫోటో జూమ్ చేసిన చెల్లి ఆగిపోయింది. "పిన్నీ, నీ మెడ మీద ఇదేంటి, ఉబ్బెత్తుగా?" అంది. పిన్ని హారం పక్కకు జరిపి తడిమి చూసుకుంది. నిజమే, కుడి వైపు నిమ్మకాయంత గడ్డ. నొప్పి లేదు. నీళ్లు మింగితే అది కూడా పైకీ కిందకీ కదులుతోంది.

పిన్ని హైస్కూల్లో తెలుగు టీచర్. ముప్పై ఏళ్లుగా ఆవిడ ఆస్తి గొంతే. స్కానింగ్ చేశారు, సూది పెట్టి శాంపిల్ తీశారు. రిపోర్టులో ఏం వచ్చిందంటే, కొవ్వు కణాలు తప్ప పెద్దగా ఏమీ కనిపించలేదు, శాంపిల్ సరిపోలేదు, మళ్లీ తీయాలి అని. ఇక చూడండి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు వేడెక్కిపోయింది. బాబాయి "మొత్తం తీయించేద్దాం, పీడా పోతుంది" అన్నాడు. పెదనాన్న "ఇది మన సుశ్రుతుడు ఎప్పుడో చెప్పిందే, కత్తి అక్కర్లేదు" అని ఒక ఫార్వర్డ్ పెట్టాడు. పిన్ని మాత్రం నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగింది. "ఒరేయ్, నువ్వు చరిత్ర అంతా చదువుతుంటావు కదా. గడ్డ తీస్తే నా గొంతు ఉంటుందా, పోతుందా?"

నేను డాక్టర్ని కాదు. చరిత్ర చెప్పుకునేవాణ్ణి. కానీ ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. బాబాయి సలహాకీ, పెదనాన్న ఫార్వర్డ్‌కీ, పిన్ని భయానికీ ముగ్గురికీ జవాబు చరిత్రలోనే దొరికింది. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు పెదనాన్న ఫార్వర్డ్. అందులో కొంత నిజం ఉంది. సుశ్రుత సంహితలో గళగండం అనే జబ్బు ఉంది. గొంతు దగ్గర వేలాడే వాపు అన్నమాట. దాన్ని మూడు రకాలుగా చెప్పారు. వాతం వల్ల వచ్చేది, కఫం వల్ల వచ్చేది, మేదస్సు వల్ల వచ్చేది. మేదస్సు అంటే కొవ్వు! ఆ మూడో రకం మెత్తగా, నున్నగా, పాలిపోయినట్టు ఉంటుందనీ, మొదలు సన్నగా ఉండి సొరకాయలా వేలాడుతుందనీ, మనిషి లావైతే పెరిగి చిక్కితే తగ్గుతుందనీ వర్ణించారు. నాకు చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అన్ని వందల ఏళ్ల కిందట రోగి పక్కన కూర్చుని, చేత్తో తడిమి, ఎంత ఓపిగ్గా గమనించారో కదా.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి ఫ్రెండ్స్. పేరు కలిసినంత మాత్రాన జబ్బు ఒకటే అయిపోదు. సుశ్రుతుడి కాలంలో గడ్డని బయటి నుంచే చూడగలరు. మెత్తగా ఉంటే కొవ్వు అనుకున్నారు. లోపల నీరు నిండిన సంచి కూడా మెత్తగానే ఉంటుంది. మామూలు గాయిటర్ కూడా మెత్తగా ఉండొచ్చు. మైక్రోస్కోప్ లేకుండా లోపల ఉన్నది నిజంగా కొవ్వు కణమా కాదా అని చెప్పే దారి ప్రపంచంలో ఎవరికీ లేదు. కాబట్టి మనవాళ్లు బాగా గమనించారు అనడం న్యాయం. అన్నీ అప్పుడే కనిపెట్టేశారు అనడం మాత్రం తొందరపాటు. మెడలో గడ్డ విషయంలో వైద్యం చేసిన పెద్ద తప్పులన్నీ ఈ తొందరపాటు నుంచే పుట్టాయి. లోపల ఏముందో తెలియకముందే చెయ్యి వెయ్యడం.

ఇప్పుడు బాబాయి సలహాకి వద్దాం. మొత్తం తీసేస్తే పీడా పోతుంది అన్నాడు కదా. సరిగ్గా ఇదే మాట నూట యాభై ఏళ్ల కిందట యూరప్‌లో గొప్ప గొప్ప సర్జన్లు కూడా అనుకున్నారు.

అంతకుముందు అసలు థైరాయిడ్ మీద కత్తి పెట్టడమంటేనే హడలిపోయేవాళ్లు. ఎందుకంటే ఈ గ్రంథికి రక్తం చాలా ఎక్కువగా వస్తుంది. కోస్తే ఆగదు. మత్తుమందు లేని రోజులు, చేతులు కడుక్కోవాలని తెలియని రోజులు. రక్తం పోయి కొందరు, చీము పట్టి కొందరు చనిపోయేవారు. 1860ల్లో జ్యూరిక్‌లో బిల్‌రోత్ అనే మహా సర్జన్ ఈ ఆపరేషన్లు చేశాడు. కడుపు ఆపరేషన్లకు ఈ రోజుకీ ఆయన పేరే చెప్పుకుంటారు, అంతటివాడు. ఆయన చేతిలో కూడా అంతమంది పోయేసరికి, దాదాపు పదేళ్లు ఈ ఆపరేషన్ జోలికే వెళ్లలేదు.

ఆ పరిస్థితిని మార్చినవాడు స్విట్జర్లాండ్‌కి చెందిన థియోడర్ కోఖర్. 1841లో బెర్న్‌లో పుట్టాడు. 31 ఏళ్లకే అక్కడ ప్రొఫెసర్ అయ్యాడు. స్విట్జర్లాండ్ కొండ దేశం. అక్కడి నేలలో అయోడిన్ తక్కువ, అందుకని ఊరూరా గాయిటర్ ఉన్నవాళ్లే. ఆయనకి రోగులకు కొదవ లేదు. ఆయన పద్ధతి ఏంటంటే, తొందరపడకపోవడం. ఒక్కో రక్తనాళాన్ని పట్టుకుని, ముడి వేసి, ఆ తర్వాతే కోయడం. శుభ్రతలో చాలా పట్టుదల. ఆయన చేతిలో చావులు బాగా తగ్గిపోయాయి. 1912 నాటికి ఆయన వేల కొద్దీ థైరాయిడ్ ఆపరేషన్లు చేశాడు, చావులు నూటికి ఒక్కటి కూడా లేని స్థాయికి తగ్గిపోయాయి.

అంత శుభ్రంగా చేయగలిగాడు కాబట్టే మొదట్లో గ్రంథి మొత్తాన్నీ తీసేయడం మొదలుపెట్టాడు. థైరాయిడ్ ఏం పని చేస్తుందో అప్పటికి ఎవరికీ తెలీదు. పని లేని గ్రంథి, పోతే పోయింది అనుకున్నారు.

1874లో ఒక 11 ఏళ్ల పాపకి ఇలాగే మొత్తం తీసేశాడు. ఆపరేషన్ చక్కగా జరిగింది. పాప ఇంటికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకి ఆ పాపని చూస్తున్న ఊరి డాక్టరు దగ్గర నుంచి కబురు వచ్చింది. పిల్ల మారిపోయింది, మందకొడిగా తయారైంది అని. కోఖర్ అప్పట్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

1882లో జెనీవా నుంచి రెవర్డిన్ అనే సర్జన్ కలిసి, మొత్తం గ్రంథి తీసిన తన రోగులు కొందరు ఏదోలా అయిపోతున్నారని చెప్పాడు. అప్పుడు కోఖర్‌కి గుండె జారినట్టు అయింది. పాత రోగులందరికీ కబురు పంపి పిలిపించాడు. మొత్తం గ్రంథి తీయించుకున్నవాళ్లలో 18 మందిని తిరిగి పరీక్ష చేయగలిగాడు. అందులో ఇద్దరు మినహా అందరిదీ ఒకటే పరిస్థితి. ముఖం ఉబ్బిపోయింది, చర్మం ఎండిపోయింది, జుట్టు రాలిపోతోంది, ఎప్పుడూ చలి, మాట నెమ్మది, ఆలోచన నెమ్మది. ఆ 11 ఏళ్ల పాప కూడా వచ్చింది. ఇప్పుడు తొమ్మిదేళ్లు గడిచాయి. ఆపరేషన్‌కు ముందు ఆ పాపా, ఆమె చెల్లెలూ ఇంచుమించు ఒక్కలా ఉండేవారట. ఇప్పుడు చెల్లెలు ఎదిగి పెద్దమ్మాయి అయింది. అక్క మాత్రం ఎదగకుండా అక్కడే ఆగిపోయింది.

ఒక్క నిమిషం ఆలోచించండి. మీరు దేశంలోకెల్లా పేరున్న సర్జన్. మీ ఆపరేషన్లు విజయవంతం అని అందరూ మెచ్చుకుంటున్నారు. ఆ విజయమే పదహారు మంది జీవితాల్ని పాడుచేసిందని మీకు మాత్రం తెలిసింది. ఏం చేస్తారు? కోఖర్ 1883లో బెర్లిన్‌లో జర్మన్ సర్జన్ల సభలో నిలబడి అందరి ముందూ చెప్పేశాడు. క్యాన్సర్ కాని గడ్డల కోసం ఇక మొత్తం గ్రంథి తీయనని నిర్ణయించుకున్నాడు. 1909లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది, నోబెల్ అందుకున్న మొదటి సర్జన్ ఆయనే. అందరూ దాన్ని ఆయన చేతి నైపుణ్యానికి వచ్చిందనుకుంటారు. నన్నడిగితే తప్పు ఒప్పుకున్నందుకే సగం ఇవ్వొచ్చు. థైరాయిడ్ పని ఏంటో ప్రపంచానికి తెలియడంలో ఆ ఒప్పుకోలు కూడా సాయపడింది కాబట్టి.

ఇక్కడ ఇంకో చిక్కుముడి ఉంది. కోఖర్ రోగులకి మందకొడితనం వచ్చింది. కానీ వియన్నాకి వెళ్లాక బిల్‌రోత్ మళ్లీ ఈ ఆపరేషన్లు మొదలుపెడితే, ఆయన రోగుల్లో వేరే సమస్య ఎక్కువగా కనిపించింది. చేతులు, కాళ్లు కొంకర్లు పోవడం. ఆపరేషన్ ఒకటే, జబ్బులు రెండు. ఎందుకు? అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ ఇద్దరి ఆపరేషన్లూ కళ్లారా చూసినవాడు. ఆయన చెప్పిన వివరణ ఇది. కోఖర్ నిదానస్తుడు, ఒక్క ముక్క కూడా వదలకుండా థైరాయిడ్ మొత్తం తీస్తాడు, కానీ చుట్టుపక్కల వాటిని ముట్టుకోడు. బిల్‌రోత్ వేగం మనిషి. థైరాయిడ్ ముక్క కొంచెం వదిలేస్తాడు, కానీ వెనకాల ఉన్నవాటిని కూడా కలిపి తీసేస్తాడు.

వెనకాల ఏమున్నాయి? కందిబద్దంత చిన్న గ్రంథులు, సాధారణంగా నాలుగు. పారాథైరాయిడ్లు అంటారు. ఒంట్లో కాల్షియాన్ని అదుపులో ఉంచేవి అవే. అవి పోతే కాల్షియం పడిపోయి కండరాలు కొంకర్లు పోతాయి. వీటిని మొదట చూసింది మనిషిలో కాదు, ఖడ్గమృగంలో. అదీ మన ఇండియన్ ఖడ్గమృగంలో! లండన్ జూలో ఉండే ఆ జంతువు 1849లో చనిపోతే, రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త కోసి చూస్తూ థైరాయిడ్‌కి అంటుకుని ఉన్న చిన్న పసుపు రంగు గ్రంథిని గమనించాడు. మనుషుల్లో వాటిని 1880లో వివరించింది స్వీడన్‌కి చెందిన సాండ్‌స్ట్రోమ్ అనే కుర్రాడు, అప్పటికి ఇంకా వైద్య విద్యార్థే. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఈ పసుపు రంగు అన్న మాట గుర్తుపెట్టుకోండి. పారాథైరాయిడ్లు చూడ్డానికి అచ్చం కొవ్వు ముక్కల్లా ఉంటాయి. మెడలో కొవ్వు ఎక్కువగా ఉన్న చోట ఆపరేషన్ చేసేటప్పుడు ఏది కొవ్వు, ఏది గ్రంథి అని గుర్తుపట్టడానికి అనుభవం ఉన్న కన్ను కావాలి. కొవ్వు గడ్డల ఆపరేషన్‌లో ఇదో ప్రత్యేకమైన చిక్కు.

మరి పిన్ని అడిగిన గొంతు సంగతి? ఆ భయం ఇంకా పాతది. రోమన్ల కాలంలో, రెండో శతాబ్దంలో, గేలెన్ అనే వైద్యుడు అరుస్తున్న పంది మెడలో సన్నటి నరాలు కోయగానే దాని అరుపు ఆగిపోవడం చూశాడు. ఆ నరాలు థైరాయిడ్ వెనకాల నుంచే రెండు వైపులా పైకి వెళ్తాయి. ఒక వైపుది దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. రెండు వైపులా దెబ్బతింటే ఊపిరే కష్టం. అంటే పిన్ని భయం ఉత్తుత్తి భయం కాదు. పద్దెనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉన్న భయం. అందుకే సర్జన్లు ఆ నరాన్ని ముందు వెతికి, కళ్లతో చూసి, కాపాడుతూ ఆపరేషన్ చేయడం నేర్చుకున్నారు.

సరే, గ్రంథి మొత్తం పోయినవాళ్ల గతి ఏంటి? 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే యువ డాక్టరు గొర్రె థైరాయిడ్ నుంచి రసం తీసి, థైరాయిడ్ పనిచేయని 46 ఏళ్ల ఆవిడకి ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. కొద్ది వారాల్లో ఆవిడ ముఖం, మాట మామూలుగా అయిపోయాయి. ఆ తర్వాత నోటితోనే తీసుకుంటూ మరో 28 ఏళ్లు బతికింది. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో కెండాల్ ఆ రసంలోని అసలు పదార్థాన్ని, థైరాక్సిన్‌ని, స్ఫటికాలుగా పట్టుకున్నాడు. 1927లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. మీ ఇంట్లో ఆ పొద్దున్నే మాత్ర ఉందే, అది ఈ వరుసలోనే వచ్చింది. ఆ 11 ఏళ్ల పాపకి ఆ మాత్ర దొరికి ఉంటే ఎంత బాగుండేదో.

ఇక్కడే మన తెలుగువాడి పేరు ఒకటి చెప్పాలి. గడ్డ ఉన్న ప్రతి మెడకీ కత్తి అవసరం లేదని ఋజువు చేసినవాళ్లలో ఆయన ఒకరు. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కి డైరెక్టర్ అయ్యారు. ఆయన పాథాలజిస్టు, అంటే కణాలు చూసి జబ్బు చెప్పే డాక్టరు. 1956లో హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఆయన బృందం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. లోయని మూడు భాగాలు చేసి, రెండు భాగాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్లకి అయోడిన్ ఉప్పు తిన్న చోట పిల్లల్లో గాయిటర్ బాగా తగ్గిపోయింది. 1962లో దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. ఈ రోజు మన వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉండటం వెనక ఉన్న చరిత్ర అది.

అంటే ఏంటి? మెడలో ఉబ్బు ఒకటే కనిపించినా కారణాలు చాలా. అయోడిన్ తక్కువై వచ్చే ఉబ్బుని చాలావరకు ఉప్పుతోనే నివారించవచ్చు. క్యాన్సర్‌కి సాధారణంగా ఆపరేషన్ కావాలి. మరి కొవ్వు గడ్డకి?

ఇప్పుడు మా పిన్ని గడ్డ దగ్గరికి వచ్చాం. మామూలు థైరాయిడ్‌లో కొవ్వు కణాలు దాదాపు ఉండవు. పై పొర దగ్గర ఏవో కొన్ని ఉంటే ఉంటాయి. చాలా అరుదుగా మాత్రం గ్రంథి లోపలే కొవ్వు చేరుతుంది. ఒక గడ్డగా కట్టి, థైరాయిడ్ కణాలూ కొవ్వు కణాలూ కలిసి ఉంటే అడినోలిపోమా లేదా థైరోలిపోమా అంటారు. గ్రంథి అంతటా పరుచుకుపోతే థైరోలిపోమటోసిస్ అంటారు. ఈ రెండో దాని గురించి తొలి రోజుల్లో రాసినవాళ్లలో మన భారతీయ పాథాలజిస్టు ఒకాయన ఉన్నారు, ధయగుడే గారు. 1942లో గాయిటర్‌లో విపరీతంగా కొవ్వు చేరిన కేసుని అమెరికా నుంచి వచ్చే ఒక పాథాలజీ జర్నల్‌లో వివరించారు. ఎవరో ఒక రోగి గ్రంథిని మైక్రోస్కోప్ కింద చూసి, ఇదేదో మామూలుగా లేదే అని ఆగి రాశారు కాబట్టే, తర్వాతి డాక్టర్లకి ఇలాంటిది కూడా ఉంటుందని తెలిసింది.

ఈ గడ్డలు చాలావరకు క్యాన్సర్ కావు. కానీ కొవ్వు కనిపించింది కదా, ఇక నిశ్చింత అనుకోవడానికీ లేదు. అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకునే జబ్బులోనూ కొవ్వు చేరుతుంది. అరుదుగా థైరాయిడ్ క్యాన్సర్‌లో కూడా మధ్య మధ్యలో కొవ్వు ఉండొచ్చు. అత్యంత అరుదుగా లైపోసార్కోమా, అంటే కొవ్వు కణాల క్యాన్సర్ థైరాయిడ్‌లో వస్తుంది. బయటి నుంచి చూస్తే అన్నీ ఉబ్బులే. సుశ్రుతుడి కాలం నాటి ప్రశ్నే మళ్లీ వచ్చింది. లోపల ఏముంది?

దీనికి రెండు పరికరాలు ఉపయోగపడ్డాయి. మొదటిది సూది. 1930లో న్యూయార్క్‌లో మార్టిన్, ఎల్లిస్ అనే ఇద్దరు సూదితో గడ్డల్లోంచి కణాలు లాగి పరీక్ష చేసే పద్ధతిని ప్రచురించారు. తర్వాత స్వీడన్‌లో కరోలిన్‌స్కా డాక్టర్లు సన్న సూదితో థైరాయిడ్ పరీక్షని బాగా అభివృద్ధి చేశారు. ఇప్పుడు రిపోర్టుల్లో బెథెస్డా అని ఆరు తరగతులు రాస్తారు కదా, అది 2007లో అమెరికాలోని బెథెస్డా ఊళ్లో జరిగిన సమావేశం నుంచి వచ్చిన పేరు. అందులో మొదటి తరగతి, శాంపిల్ చాలలేదు అని.

మా పిన్ని రిపోర్టు ఎందుకు అలా వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. సూదిలో కొవ్వు కణాలు వస్తే, చూసేవాళ్లకి మొదట వచ్చే అనుమానం ఏంటంటే, సూది గడ్డ దాకా వెళ్లలేదు, చర్మం కింద కొవ్వులోనే ఆగిపోయింది అని. చాలాసార్లు అదే నిజం కూడా. కానీ గడ్డే కొవ్వుదైతే? సరైన జవాబు చేతిలోనే ఉన్నా, తప్పు శాంపిల్‌గా కనిపిస్తుంది! ఈ గడ్డని గుర్తుపట్టడంలో ఉన్న అసలు తిరకాసు ఇదే. అందుకే అల్ట్రాసౌండ్‌లో సూది మొన ఎక్కడుందో చూస్తూ మళ్లీ తీయాలి.

రెండో పరికరం సీటీ స్కాన్. 1971 అక్టోబర్ 1న లండన్‌లో మొదటి రోగికి సీటీ స్కాన్ తీశారు. తయారుచేసింది హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీర్, 1979లో కార్మాక్‌తో కలిసి నోబెల్ తీసుకున్నాడు. ఆయన పేరుతోనే ఒక కొలత ఉంది. అందులో నీరు సున్నా, గాలి మైనస్ 1000. ఒంట్లో మెత్తటి భాగాలు చాలావరకు సున్నా కంటే పైనే ఉంటాయి. కొవ్వు మాత్రం మైనస్‌లోకి వెళ్తుంది, సుమారు మైనస్ 50 నుంచి మైనస్ 120 దాకా. థైరాయిడ్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. దానిలో అయోడిన్ ఉంటుంది కాబట్టి మందు ఎక్కించకుండానే సీటీలో తెల్లగా మెరుస్తుంది. ఆ తెల్లటి గ్రంథి మధ్యలో నల్లటి మచ్చ, పైగా మైనస్ అంకె కనిపిస్తే, అది కొవ్వే అని అర్థం. సుశ్రుతుడు వేలితో తడిమి ఊహించినదాన్ని ఒక అంకె తేల్చేస్తుంది. అయితే ఆ కొవ్వు మంచిదా, చెడ్డదా అనేది మాత్రం అంకె చెప్పదు. అది మళ్లీ మైక్రోస్కోపే చెప్పాలి. లైపోసార్కోమా అనుమానం ఉంటే ఎండీఎం2 అనే జన్యువు పరీక్ష కూడా చేస్తారు.

వైద్యం సంగతి. గడ్డ చిన్నదై, ఇబ్బంది పెట్టకుండా, పరీక్షల్లో అనుమానం లేకపోతే అప్పుడప్పుడూ స్కాన్ చేసి గమనిస్తూ ఉండొచ్చు. పెద్దదై గాలిగొట్టాన్నో, అన్నవాహికనో నొక్కుతుంటే, లేదా అనుమానం తీరకపోతే ఆపరేషన్. గడ్డ ఒక వైపే ఉంటే సాధారణంగా ఆ వైపు సగమే తీస్తారు. రెండో సగం ఉంచుతారు. గ్రంథి అంతా పరుచుకుని ఇబ్బంది పెడితే మొత్తం తీయాల్సి రావొచ్చు. లైపోసార్కోమా అయితే సంగతి వేరు, చుట్టూ మంచి అంచు దొరికేలా పూర్తిగా తీయాలి. ఇంకో మాట. ఇలాంటి అడినోలిపోమాలు ఒకే మనిషిలో చాలా ఉంటే, పీటీఈఎన్ అనే జన్యువులో మార్పు వల్ల వచ్చే కౌడెన్ సిండ్రోమ్ ఉందేమో అని డాక్టర్లు చూస్తారు. అది ఉంటే రొమ్ము, థైరాయిడ్ లాంటి చోట్ల క్యాన్సర్ ముప్పు ఎక్కువ, కుటుంబం కూడా జాగ్రత్త పడాలి. అంటే చిన్న కొవ్వు గడ్డ ఒక్కోసారి ఇంటిల్లిపాదికీ ముందస్తు హెచ్చరిక అవుతుంది.

ఇక మా పిన్ని. సీటీలో కుడి వైపు గడ్డ మైనస్‌లో వచ్చింది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మళ్లీ సూది పెట్టారు. ఈసారి కొవ్వుతో పాటు మామూలు థైరాయిడ్ కణాలు కూడా వచ్చాయి. గడ్డ గాలిగొట్టాన్ని కొంచెం పక్కకి నెడుతోంది కాబట్టి ఆపరేషన్ మంచిదన్నారు. బాబాయి మళ్లీ "మొత్తం తీసేయండి డాక్టరు గారూ" అన్నాడు. ఆవిడ నవ్వి, "ఎడమ వైపు ఏం తప్పు చేసిందండీ?" అని అడిగారు. నాకు వెంటనే కోఖర్ గుర్తొచ్చాడు. ఆ ఒక్క ప్రశ్న అడగడం నేర్చుకోవడానికి వైద్యానికి పదహారు మంది జీవితాలు పట్టాయి.

కుడి సగం తీశారు. బయాప్సీలో అడినోలిపోమా, క్యాన్సర్ కాదు అని వచ్చింది. రెండు వారాలు గొంతు బొంగురుగా ఉంది. ఆ రెండు వారాలూ పిన్ని ఎవరితోనూ మాట్లాడలేదు, పలక మీద రాసి చూపించేది. మూడో వారం ఒక రోజు పొద్దున్నే నాకు వాయిస్ మెసేజ్ వచ్చింది. క్లాసులో చెప్పే పద్యం ఒకటి మొదటి నుంచి చివరి దాకా చదివింది. చివర్లో, "ఒరేయ్, ఉందిరా" అంది. అంతే. మిగిలిన సగం గ్రంథి బాగానే పనిచేస్తోంది. మాత్ర అవసరం పడలేదు, అప్పుడప్పుడూ రక్త పరీక్ష మాత్రం చేయించుకుంటోంది.

నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పదలచుకున్నది ఒక్కటే. వైద్య చరిత్ర అంటే ఇంకా ఇంకా కోయడం నేర్చుకున్న చరిత్ర అనుకుంటాం. థైరాయిడ్ విషయంలో అది తక్కువ కోయడం నేర్చుకున్న చరిత్ర. లోపల ఏముందో ఎంత బాగా కనిపిస్తే, కత్తి అంత తక్కువ అవసరం పడింది.

మీరు ఈ వీడియో చూస్తున్న ఫోన్లోనే కెమెరా ఆన్ చేసి, అద్దంలా పట్టుకుని, ఒక గుక్క మంచినీళ్లు తాగి చూడండి. మెడలో ఏదైనా ఉబ్బు కదులుతూ కనిపిస్తే భయపడకండి, చాలా గడ్డలు ప్రమాదకరం కావు. కానీ ఫార్వర్డ్‌లు చదువుతూ కూర్చోకండి. డాక్టర్‌కి చూపించండి. రిపోర్టులో శాంపిల్ సరిపోలేదని వస్తే గడ్డ మంచిదనీ కాదు, చెడ్డదనీ కాదు, ఇంకా తెలీదు అని అర్థం. మళ్లీ వెళ్లండి. ఆపరేషన్ అంటే, ఎంత తీస్తారు, ఎందుకు అంత తీయాలి అని అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది. దాన్ని సంపాదించి పెట్టినవాళ్లలో, 1874లో బెర్న్‌లో ఎదగకుండా ఆగిపోయిన ఆ 11 ఏళ్ల పాప కూడా ఉంది.